మోచేయి నొప్పా? కొత్త రాకెట్ కొనకముందు గట్టింగ్ సంగతి చూడండి (ఎపిసోడ్ రాతలో)

ఈ ఎపిసోడ్ రెండు రకాల వాళ్ళ కోసం. టెన్నిసో షటిలో ఆడి మోచేయి పట్టేసినవాళ్ళు ఒకరు. ఇంకా పట్టేయలేదు గానీ, చాంపియన్ల రాకెట్ వీడియోలు చూసి అదే స్ట్రింగ్ ఆర్డర్ పెట్టబోతున్నవాళ్ళు ఇంకొకరు. రెండో బ్యాచ్ వాళ్ళు ఓ పది నిమిషాలు దాన్ని కార్ట్‌లోనే ఉంచండి. డబ్బులు ఎక్కడికీ పోవు.

ఎమ్మిగనూరు నుంచి ఒక తమ్ముడు వాయిస్ మెసేజ్ పెట్టినాడు. పేరు చెప్పొద్దన్నాడు, చెప్పను. ఆయన మాట ఇది: "అన్నా, ఆన్‌లైన్లో సెకండ్ హ్యాండ్ టెన్నిస్ రాకెట్ తీసుకున్నా. నడాల్ వాడే స్ట్రింగే వేసి ఉంది అన్నాడు అమ్మినాయన. రెండు నెలలుగా ఆడుతున్నా. ఇప్పుడు కుడి మోచేయి బయటి పక్కన నొప్పి. బిందె ఎత్తలేకపోతున్నా. ఇంట్లో మగ్గం ఉంది, నాయన ఒక్కడే నేస్తున్నాడు. రాకెట్ మార్చాల్నా? ఆట మానేయాల్నా?"

చూడండి, ఇక్కడ ఆట ఒక్కటే కాదు సమస్య. నొప్పి పెట్టే చెయ్యి, ఇంట్లో పని చేసే చెయ్యి ఒకటే. సిటీలో ఐతే వారం రెస్ట్ తీసుకో అని తేలిగ్గా చెప్పేస్తారు. మగ్గం ముందు, పత్తి చేలో, మెకానిక్ షెడ్డులో వారం రెస్ట్ అంటే వారం కూలి పోయినట్టే. అందుకే ఈ విషయం కొంచెం వివరంగా మాట్లాడుకుందాం.

నేను ఆ తమ్ముణ్ణి మూడు ప్రశ్నలు అడిగినా. స్ట్రింగ్ ఏ రకం? వేయించి ఎన్ని రోజులైంది? ఎన్ని పౌండ్లకు వేసినారు? మొదటిదానికి జవాబు "నల్లగా ఉంది అన్నా". మిగతా రెంటికీ "తెలీదన్నా". మన దగ్గర పదిమందిలో తొమ్మిదిమంది చెప్పే జవాబు ఇదే. రాకెట్ కంపెనీ పేరు, మోడల్, రంగు, బరువు అన్నీ నోటికొచ్చు. బంతి తగిలేది మాత్రం ఫ్రేముకు కాదు కదప్పా, స్ట్రింగుకు. దాని గురించి ఏమీ తెలీదు.

ముందు ఆ నొప్పి సంగతి. మోచేయి బయటి పక్కన ఉబ్బెత్తుగా ఒక ఎముక తగులుతుంది, చూసుకోండి. మణికట్టును పైకి లేపే కండరాలన్నీ ముంజేతి మీదుగా వచ్చి అక్కడే అతుక్కుంటాయి. ఆ అతుకు దగ్గర నరంలా గట్టిగా ఉండే భాగాన్ని టెండన్ అంటారు. దాని మీద అదే పనిగా బరువు పడితే అది లోపల్లోపల దెబ్బతింటుంది. టెన్నిస్ ఎల్బో అనేది దీన్నే. పేరులో టెన్నిస్ ఉంది గానీ, ఇది వచ్చినవాళ్ళలో ఎక్కువమంది జన్మలో టెన్నిస్ రాకెట్ పట్టుకోనివాళ్ళే. స్క్రూడ్రైవర్ తిప్పేవాళ్ళు, బట్టలు పిండేవాళ్ళు, రోజంతా మౌస్ పట్టుకునేవాళ్ళు, అందరికీ వస్తుంది. మన ఇళ్ళల్లో ఈ పేరు తెలిసిందే సచిన్ వల్ల. 2004లో ఆయనకు ఎడమ మోచేతికి వచ్చింది, 2005లో లండన్‌లో ఆపరేషన్ చేయించుకున్నాడు. ఆయన పట్టుకుంది బరువైన క్రికెట్ బ్యాట్.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్తా. స్ట్రింగ్ మారిస్తే నొప్పి మాయమైపోతుంది అని నేను చెప్పడం లేదు. స్ట్రింగ్ మందు కాదు. దెబ్బ తగ్గించే మార్గం, అంతే. వేళ్ళు తిమ్మిరెక్కుతున్నా, మోచేయి వాచినా, రాత్రి పడుకుంటే కూడా నొప్పి ఉన్నా, వారాలు గడిచినా తగ్గకపోయినా ఎముకల డాక్టరునో ఫిజియోథెరపిస్టునో కలవండి. జండూబామ్ రాసుకుని కోర్టుకు పోయి సర్వ్ కొట్టొద్దు.

ఇప్పుడు అసలు సబ్జెక్టు. టెన్నిస్ బంతి బరువు 56 నుంచి 59 గ్రాములు ఉంటుంది. అది స్ట్రింగులకు తగిలి, మళ్ళీ వదిలి వెళ్ళడానికి పట్టే టైమ్ సుమారు 4, 5 మిల్లీసెకన్లు. అంటే సెకనులో రెండొందలో వంతు. ఇంటర్ ఫిజిక్స్‌లో ఇంపల్స్ అని ఒకటి చదువుకున్నాం, గుర్తుందా? బంతిని ఒక వేగంతో వెనక్కి పంపాలంటే ఇవ్వాల్సిన మొత్తం తోపు అంతే ఉంటుంది, మారదు. కానీ అది ఎంతసేపట్లో ఇస్తున్నాం అనేది మారుతుంది. టైమ్ కొంచెం పెరిగితే దెబ్బ తీవ్రత తగ్గుతుంది. టైమ్ తగ్గితే దెబ్బ సూదిలా గుచ్చుకుంటుంది. క్యాచ్ పట్టేటప్పుడు చేతులు వెనక్కి లాక్కుంటాం చూడండి, అదే ఇది.

ఇంకా తేలిగ్గా చెప్పాలంటే నులక మంచం గుర్తు తెచ్చుకోండి. మా గోనెగండ్లలో ఎండాకాలం మిద్దెల మీద ఇప్పటికీ వేసుకుంటారు. కొత్తగా నులక బిగించిన మంచం మీద దబ్బున కూర్చుంటే నడుముకు తగుల్తుంది. నాలుగు నెలలు వాడిన మంచం ఐతే కొంచెం కిందికి దిగి, మళ్ళీ పైకి లేపుతుంది. మరీ కుక్కిమంచం ఐపోతే లేవడమే కష్టం. రాకెట్ కూడా అంతే. మరీ బిగువు పనికిరాదు, కుక్కిమంచమూ పనికిరాదు.

ఇంకో పోలిక మన ఏరియా వాళ్ళకు బాగా ఎక్కుతుంది. ఎమ్మిగనూరు అంటే చేనేత. మాచాని సోమప్ప గారు 1938లో నేతగాళ్ళ సహకార సంఘం పెట్టిన ఊరు అది. మగ్గం మీద నిలువు దారాలు పడుగు, అడ్డ దారాలు పేక. రాకెట్‌లోనూ అదే కథ. నిలువు స్ట్రింగులను మెయిన్స్ అంటారు, అడ్డ స్ట్రింగులను క్రాసెస్ అంటారు. 16 బై 19 అని ఫ్రేము మీద రాసి ఉంటే 16 పడుగు, 19 పేక అని అర్థం. నేసేవాళ్ళకు చెప్పక్కర్లేదు, పడుగు బిగువు ఎంతుందో చేత్తో తాకితే తెలుస్తుంది. రాకెట్‌లో కూడా చేతికి తెలిసే ఫీల్ ఎక్కువగా మెయిన్స్‌దే. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది.

స్ట్రింగ్ వేయించడాన్ని మన దగ్గర గట్టింగ్ అంటాం కదా. గట్టిగా వేస్తారు కాబట్టి గట్టింగ్ అనుకుంటారు కొందరు. కాదు, గట్ అంటే పేగు. మొదట్లో రాకెట్లకు పేగులతో చేసిన దారమే వేసేవాళ్ళు. ఫ్రాన్స్‌లో బబోలా కంపెనీ 1875లోనే ఆ దారం చేయడం మొదలుపెట్టింది. ఇప్పటికీ న్యాచురల్ గట్ అంటే ఆవు పేగు నుంచి తీసిన దారమే. చేతికి దీనంత మెత్తనిది ఇంకోటి రాలేదు. సాగుతుంది, వెంటనే వెనక్కి వస్తుంది, టెన్షన్ బాగా నిలబెట్టుకుంటుంది. కానీ ఒక సెట్ వేలల్లో ఉంటుంది, తేమ తగిలితే పాడైపోతుంది. పేగుతో చేసింది అనగానే వద్దనేవాళ్ళు మన ఇళ్ళల్లో చాలామంది ఉంటారు, అది వాళ్ళ ఇష్టం. కాబట్టి మనలో ఎక్కువమందికి ఇది లెక్కలోకి రాదు.

తర్వాతది సింథటిక్ గట్. పేరే గట్, లోపలంతా నైలాన్. మధ్యలో ఒక లావు పోగు, దాని చుట్టూ సన్న పోగులు చుట్టి ఉంటాయి. చవక. అన్నిచోట్లా దొరుకుతుంది. దీన్ని తక్కువగా చూస్తారు, నాకైతే ఇదంటే చాలా గౌరవం. కొత్తగా నేర్చుకునేవాళ్ళకు, వారానికి రెండు మూడు రోజులు ఆడేవాళ్ళకు ఇది చాలు.

దానికంటే మెత్తనిది మల్టీఫిలమెంట్. ఇది కూడా ఎక్కువగా నైలానే, కానీ ఒకే లావు పోగు బదులు వందల కొద్దీ సన్నటి పోగులు కలిపి పేనినట్టు ఉంటుంది. పేగు దారం ఫీల్‌కు దగ్గరగా రావాలని చేసింది. విల్సన్ ఎన్‌ఎక్స్‌టీ, టెక్నిఫైబర్ ఎక్స్‌వన్ బైఫేజ్, హెడ్ వెలాసిటీ లాంటివి ఈ రకం. మోచేయి నొప్పి ఉన్నవాళ్ళు ముందుగా చూడాల్సింది దీన్నే. కొన్ని రోజులకు పోగులు లేచి, నూలు చీరలా బొచ్చు వస్తుంది. భయపడకండి, దాని పద్ధతే అంత. తెగేముందు అట్లా చెప్పి తెగుతుంది.

చివరిది మన తమ్ముడి రాకెట్‌లో ఉన్న నల్లటిది, పాలియెస్టర్. అందరూ పాలీ అంటారు. ఒకటే పోగు, గట్టిగా, నున్నగా ఉంటుంది. 1997లో బ్రెజిల్ ఆటగాడు గుస్తావో కుయెర్టెన్ ప్రపంచ ర్యాంకు 66తో వచ్చి ఫ్రెంచ్ ఓపెన్ కొట్టుకుపోయినాడు. అతని రాకెట్‌లో బెల్జియం కంపెనీ లక్సిలాన్ చేసిన పాలీ ఉంది. ఆ తర్వాత పెద్ద ఆటగాళ్ళందరూ మెల్లగా దీనివైపు తిరిగినారు. కారణం స్పిన్. బంతిని కింది నుంచి పైకి గీరినట్టు కొడితే మెయిన్ స్ట్రింగులు పక్కకు జరిగి, టక్కున వాటి చోటికి వస్తాయి. అట్లా వచ్చేటప్పుడు బంతిని ఇంకా తిప్పుతాయి. పాలీ నున్నగా ఉంటుంది కాబట్టి ఇది బాగా చేస్తుంది. ఇంత మంచి స్ట్రింగ్ ఐతే ఇంకేం బాధ అంటారా?

దానికి అనంతపురం పోదాం. ఆలూరు దాటి గుంతకల్లు పోతే వచ్చేది అనంతపురం జిల్లానే. 1969లో విన్సెంట్ ఫెర్రర్ గారు మొదలుపెట్టిన ఆర్‌డీటీ తెలియనివాళ్ళు సీమలో ఉండరు. ఆ ఆర్‌డీటీతో కలిసి రఫాయెల్ నడాల్ ఫౌండేషన్ అనంతపురంలో టెన్నిస్ స్కూల్ పెట్టింది. 2010 అక్టోబర్‌లో నడాల్ స్వయంగా వచ్చి ప్రారంభించినాడు. పల్లెల పిల్లలకు టెన్నిస్‌తో పాటు ఇంగ్లీషు, కంప్యూటర్ నేర్పే స్కూలు అది. ప్రపంచంలో ఏ ఊరికైనా ఇది గొప్ప విషయం. అందుకే నడాల్ అంటే మన సీమ పిల్లలకు టీవీలో బొమ్మ మాత్రమే కాదు, పక్క జిల్లాకు వచ్చి వెళ్ళిన మనిషి. ఆయన రాకెట్‌లో ఏముండేది అని అడగడం సహజం.

ఏముండేదో చెప్తా. బబోలా ఆర్‌పీఎమ్ బ్లాస్ట్ అనే నల్లటి పాలీ. లావుపాటిది, 1.35 మిల్లీమీటర్లు. టెన్షన్ ఏళ్ళ తరబడి 55 పౌండ్ల దగ్గరే. మన చేతికి ఇంతకంటే కఠినమైన కాంబినేషన్ వెతికినా దొరకదు. మరి ఆయనకెట్లా సరిపోయింది? ఆయన కొట్టిన ఫోర్‌హ్యాండ్‌లో బంతి నిమిషానికి 3000 చుట్లకు పైగా తిరిగేది. అంత వేగంగా చెయ్యి తిప్పితే ఆ గట్టి స్ట్రింగ్ కూడా వంగుతుంది, జరుగుతుంది, పని చేస్తుంది. మనం తిప్పే వేగానికి అది కదలదు. కదలకపోతే స్పిన్ లేదు, దెబ్బ మాత్రం పూర్తిగా మోచేతికి.

అసలు తేడా ఇంకోటుంది. పాలీ తొందరగా చచ్చిపోతుంది. తెగదు, చచ్చిపోతుంది. పైకి చూస్తే కొత్తదానిలాగే ఉంటుంది, లోపల సాగే గుణం పోయి ఉంటుంది. పది, పదిహేను గంటలు ఆడితే చాలామందికి ఆ తేడా చేతిలో తెలిసిపోతుంది. పెద్ద టోర్నమెంట్లలో ఆటగాళ్ళు ప్రతి మ్యాచ్‌కూ కొత్తగా స్ట్రింగ్ వేయించుకుంటారు. మ్యాచ్‌లో మొదటి 7 గేములకు, ఆ తర్వాత ప్రతి 9 గేములకు బంతులు మారుస్తారు కదా, అప్పుడే రాకెట్ కూడా మార్చేవాళ్ళున్నారు. అంటే వాళ్ళ చేతిలో పాలీ ఒక గంటో రెండు గంటలో బతుకుతుంది. మన దగ్గర? "తెగలేదు కదన్నా, ఇంకా రెండేళ్ళొస్తుంది." అదే రాకెట్, అదే స్ట్రింగ్ పేరు. వస్తువు మాత్రం అదే కాదు. తమ్ముడు కొన్న సెకండ్ హ్యాండ్ రాకెట్‌లో ఆ పాలీ ఎన్నాళ్ళ క్రితం చచ్చిందో ఎవరికీ తెలీదు.

నైలాన్ ఐతే తెగుతుంది, తెగినందుకు మార్చక తప్పదు. పాలీ తెగదు కాబట్టి అలాగే ఆడుతూ పోతాం. మనలాంటి పొదుపు మనుషులకు ఈ గుణమే డేంజర్.

ఫెడరర్ ఏం చేసేవాడో తెలుసా? మెయిన్స్‌లో న్యాచురల్ గట్, క్రాసెస్‌లో పాలీ. రెండు రకాలు కలిపితే హైబ్రిడ్ అంటారు. పడుగే ఫీల్‌ను నిర్ణయిస్తుంది అన్నా కదా ఇందాక, ఆయన మెత్తనిదాన్ని పడుగులో పెట్టుకున్నాడు. మీకు పాలీ మీద మరీ మోజుంటే, చెయ్యి బాగున్నవాళ్ళు మల్టీఫిలమెంట్ మెయిన్స్, పాలీ క్రాసెస్ ట్రై చేయండి. నొప్పి ఉన్నవాళ్ళు అది కూడా వద్దు. ఎదిగే పిల్లల రాకెట్‌లో పాలీ వేయించే నాయనలారా, మీకు దండం పెడతా, వద్దు.

ఇక టెన్షన్. ఇంట్లో అమ్మ అంటుంది "ఎందుకురా అంత టెన్షన్" అని. రాకెట్‌కు కూడా అదే మాట.

ప్రతి మంచి ఫ్రేము మీద, లోపలి అంచులో సన్న అక్షరాల్లో ఒక రేంజ్ రాసి ఉంటుంది. 50 నుంచి 60 పౌండ్లు అనో, 22 నుంచి 27 కేజీలు అనో. ఒక కేజీ అంటే 2.2 పౌండ్లు, కాబట్టి 50 పౌండ్లంటే దాదాపు 22.7 కేజీలు. షాపులో ఏ లెక్కలో మాట్లాడుతున్నారో ముందు కనుక్కోండి.

టెన్షన్ తక్కువైతే బంతి స్ట్రింగుల మీద కొంచెం ఎక్కువసేపు ఉంటుంది, దూరం పోతుంది, చేతికి హాయి. ఎక్కువైతే బంతి దూరం పోదు, లైన్ లోపల పెట్టడం సులభం, చేతికి కష్టం. చాలామంది "కంట్రోల్ కావాలి" అని 58, 60 వేయించుకుంటారు. అప్పుడేమవుతుందంటే, బంతి బేస్‌లైన్ దాకా పోవడం లేదని ఇంకా బలంగా ఊపుతారు. గట్టి స్ట్రింగు ఒక దెబ్బ, బలంగా ఊపినందుకు ఇంకో దెబ్బ. రెండూ మోచేతి మీదే.

నా సలహా ఇది. సింథటిక్ గట్ గానీ మల్టీ గానీ తీసుకుని, రేంజ్‌లో మధ్య కంటే కింద మొదలుపెట్టండి. 50 నుంచి 60 ఉన్న ఫ్రేముకు 52. నొప్పి ఉన్న చెయ్యి ఐతే నేరుగా 50. రెండు వారాలు ఆడండి. బంతులు బయటికి పోతున్నాయంటే వెంటనే టెన్షన్ పెంచకండి, ముందు స్వింగ్ కుదించండి, కొంచెం పైకి గీరి కొట్టండి. అప్పటికీ కుదరకపోతే తర్వాతి గట్టింగ్‌లో 2 పౌండ్లు పెంచండి. ఒకేసారి ఐదారు పౌండ్లు మార్చితే ఏది ఎందుకు మారిందో మీకే అర్థం కాదు. కోడ్‌లో బగ్ వెతికేటప్పుడు ఒక్కో లైను మార్చి చూస్తాం కదా, అట్లా.

స్ట్రింగ్ మందం కూడా చూసుకోండి. ప్యాకెట్ మీద 16 అని ఉంటే సుమారు 1.30 మిల్లీమీటర్లు, 17 అని ఉంటే సుమారు 1.25. నంబర్ పెరిగితే దారం సన్నబడుతుంది, ఇది ఉల్టా లెక్క. సన్నది కొంచెం మెత్తగా ఉంటుంది, తొందరగా తెగుతుంది.

ఒకటి మాత్రం సూటిగా చెప్తా. రకం ముందు, టెన్షన్ తర్వాత. పాలీ స్ట్రింగ్ టెన్షన్‌ను 5 పౌండ్లు తగ్గించినా అది పాలీనే. మల్టీని కొంచెం బిగించినా దానికంటే మెత్తగానే ఉంటుంది. షాపులో "అదే ఉంచి లూజుగా వేస్తాలే" అంటే ఒప్పుకోకండి.

ఆడినా ఆడకపోయినా టెన్షన్ దానంతట అదే దిగుతుంది. వేయించిన మొదటి రోజులోనే సుమారు పదో వంతు పోతుంది. పైగా మన కర్నూలు ఎండలు 40 డిగ్రీలు దాటుతాయి. రాకెట్‌ను కారు డిక్కీలో, బండి మీద ఎండలో వదిలేస్తే ఇంకా తొందరగా దిగుతుంది. మరి దిగడం మంచిదే కదా, మెత్తబడుతుంది కదా అంటారేమో. నైలాన్‌లో కొంతవరకు నిజమే. పాలీలో బిగువు దిగుతుంది గానీ సాగే గుణం తిరిగి రాదు. కుక్కిమంచంలో నులక బదులు ఇనుప తీగ వేసినట్టుంటుంది.

ఫోన్‌తో చేసే ఒక పని చెప్తా. స్ట్రింగ్ మోత విని టెన్షన్ అంచనా వేసే యాప్‌లు ఉన్నాయి. గిటార్ ట్యూనర్ యాప్ ఐనా చాలు. గట్టింగ్ చేయించిన రోజే, రబ్బరు డ్యాంపెనర్ తీసేసి, స్ట్రింగుల మధ్యలో పెన్నుతో మెల్లగా తట్టండి. వచ్చిన ఫ్రీక్వెన్సీ రాసి పెట్టుకోండి. నెల తర్వాత మళ్ళీ అట్లే చూడండి. ఫ్రీక్వెన్సీ స్క్వేర్ చేస్తే టెన్షన్‌తో పాటు కదులుతుంది, అంటే మోత 5 శాతం దిగితే టెన్షన్ దాదాపు 10 శాతం దిగినట్టు. వేరేవాళ్ళ రాకెట్ నంబర్‌తో పోల్చకండి, ఫ్రేము మారితే లెక్క మారుతుంది. మీ రాకెట్‌తో మీ రాకెట్‌నే పోల్చండి.

ఎన్నాళ్ళకోసారి మార్చాలి? ఆటగాళ్ళలో ఒక పాత లెక్క ఉంది. వారానికి ఎన్ని రోజులు ఆడతారో, ఏడాదికి అన్నిసార్లు. వారానికి మూడు రోజులైతే ఏడాదికి మూడు గట్టింగులు. అది నైలాన్‌కు సరే. పాలీకి అస్సలు చాలదు.

డ్యాంపెనర్ మాట వచ్చింది కాబట్టి. స్ట్రింగుల మధ్య పెట్టే ఆ రబ్బరు ముక్క మోచేయిని కాపాడుతుందని అమ్ముతారు. అది "టింగ్" అనే మోతను "టప్" చేస్తుంది, అంతే. చెవికి హాయి, మోచేతికి ఏమీ లేదు. నచ్చితే పెట్టుకోండి.

మోచేతికి నిజంగా లెక్కలోకి వచ్చేవి ఇంకో రెండు మూడున్నాయి. గ్రిప్ అరిగిపోయి జారుతుంటే చెయ్యి గట్టిగా బిగిస్తాం, ముంజేయి అలసిపోతుంది. ఓవర్‌గ్రిప్ మార్చడం అన్నిటికంటే చవకైన పని. బ్యాక్‌హ్యాండ్ ఆలస్యంగా, మణికట్టుతో కొట్టే అలవాటుంటే ఏ స్ట్రింగూ కాపాడదు. ఇక బంతులు. మన ఊళ్ళల్లో టెన్నిస్ బంతులు అమ్ముడయ్యేది క్రికెట్ కోసమే కదా. గాలి పోయి, బొచ్చు అరిగి, వానకు తడిసి బరువెక్కిన బంతిని సిమెంటు కోర్టు మీద గంటసేపు కొట్టొద్దు. అది రాయితో ఆడినట్టే.

షటిల్ ఆడేవాళ్ళు అలిగి ఉంటారు, మీ దగ్గరికే వస్తున్నా. షటిల్ బరువు 5 గ్రాముల దగ్గర ఉంటుంది, టెన్నిస్ బంతిలో పదో వంతు కూడా కాదు. కాబట్టి దెబ్బ అంత ఉండదు. కానీ అదే చాంపియన్ జబ్బు ఇక్కడా ఉంది. మన అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ స్మాష్ వేగం 2023లో గంటకు 565 కిలోమీటర్లుగా గిన్నిస్‌లో నమోదైంది. ఆ వీడియో చూసి 30 పౌండ్లు వేయించుకుంటే మన చెయ్యి సాత్విక్ చెయ్యి ఐపోదు. గట్టి టెన్షన్‌లో స్ట్రింగ్ మధ్యలో సరిగ్గా తగిలితేనే షటిల్ పోతుంది. మధ్య తప్పితే ఎక్కడిదక్కడే, చెయ్యి ఝుమ్మంటుంది. నేర్చుకునేవాళ్ళకు 20 నుంచి 24 చాలు. బీజీ 65 లాంటి 0.70 మిల్లీమీటర్ల స్ట్రింగ్ ఎన్నాళ్ళైనా వస్తుంది. చవక ఫ్రేములకు ఎక్కువ బిగిస్తే ఫ్రేమే చిట్లుతుంది, ఫ్రేము మీద రాసిన రేంజ్ దాటకండి.

ఇప్పుడు తమ్ముడికి జవాబు. రాకెట్ మార్చొద్దు, ఆట కూడా మానొద్దు. కానీ ఇప్పటికి ఆపు. చెయ్యి మగ్గానికి అవసరం, ఉన్న ఓపిక దానికి దాచుకో. బిందె ఎత్తేటప్పుడు అరచెయ్యి పైకి ఉండేలా పట్టుకో, ఆ టెండన్ మీద బరువు తగ్గుతుంది. ఫిజియోను ఒకసారి కలిసి, మణికట్టును మెల్లగా కిందికి దించే వ్యాయామం సరిగ్గా ఎట్లా చేయాలో నేర్చుకో. రోజువారీ పనిలో నొప్పి లేకుండా ఉన్నాకే కోర్టుకు రా, వచ్చిన మొదటి రోజు అరగంట మాత్రమే. ఈలోగా ఆ నల్ల స్ట్రింగ్ కత్తిరించెయ్.

కత్తిరించేదానికి ఒక పద్ధతుంది, ఆగండి. ఒక పక్క నుంచి వరసగా కత్తిరించుకుంటూ పోతే ఫ్రేము మీద బిగువు ఒకే పక్క మిగిలి, వంకర పోయే ప్రమాదం ఉంది. మధ్యలో మొదలుపెట్టి, ఒక నిలువు, ఒక అడ్డం చొప్పున నాలుగు పక్కలకూ సమానంగా బయటికి పోతూ కత్తిరించాలి. వెంటనే చేసేయాలి, సగంలో ఆపి టీ తాగడానికి పోకూడదు.

గట్టింగ్ ఎక్కడ చేయిస్తారు అనేది మనకు అసలు కష్టం. గోనెగండ్లలో టెన్నిస్ స్ట్రింగ్ మెషీన్ ఉందా అని వెతకడం దండగ. కర్నూలుకో, బళ్ళారికో, హైదరాబాద్‌కో పోవాలి. పోయేవాళ్ళెవరైనా ఉంటే వాళ్ళ చేతికి ఇచ్చి పంపాలి. అందుకే చీటీ రాసి రాకెట్ కవర్లో పెట్టండి: స్ట్రింగ్ పేరు, మందం, టెన్షన్ పౌండ్లలో. ఆ చీటీ లేకపోతే షాపులో ఏది ఉంటే అది, చెయ్యి ఎంత లాగితే అంత. మెషీన్లలోనూ తేడాలుంటాయి. ఒకదాంట్లో వేసిన 52, ఇంకోదాంట్లో వేసిన 52 చేతికి ఒకేలా ఉండవు. కాబట్టి కుదిరిన చోటు దొరికితే అక్కడే చేయించండి, ప్రతిసారీ షాపు మార్చకండి. తిరిగొచ్చాక తేదీ, స్ట్రింగ్, టెన్షన్ ఒక చిన్న స్టిక్కర్ మీద రాసి ఫ్రేము లోపలి వైపు అతికించండి. ఇంకో ఆర్నెల్లకు ఎవరైనా "ఏ స్ట్రింగ్?" అని అడిగితే "నల్లగా ఉంది అన్నా" అనే జవాబు రాకూడదు.

కామెంట్లలో మీ రాకెట్ మోడల్, ఫ్రేము మీద రాసిన రేంజ్, వారానికి ఎన్ని రోజులు ఆడతారు, నొప్పి ఉందా లేదా, ఈ నాలుగూ రాయండి. చూసి జవాబిస్తా. ఆదోని, ఎమ్మిగనూరు పక్కన మంచిగా గట్టింగ్ చేసేవాళ్ళు మీకు తెలిస్తే అది కూడా రాయండి, మిగతావాళ్ళకు బస్సు ఛార్జీ మిగుల్తుంది. ఉంటా మరి.